భూమి లెక్కకు బాట వేసిన సర్ థామస్ మన్రో

(జులై 6 మన్రో వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

రాయలసీమ ప్రజల జ్ఞాపకాలలో రెండు శతాబ్దాలుగా నిలిచిన పరాయి దేశపు పాలకుడు సర్ థామస్ మన్రో. దత్త మండలాల తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా ప్రతి పొలాన్నీ గొలుసుతో కొలిపించి, రైతు పేరున శిస్తు నిర్ణయించే రైతువారీ విధానాన్ని ఈ ప్రాంతంలో నెలకొల్పిన అధికారి ఆయన. సాగు భూములతో పాటు బాటలు, గ్రామకంఠాలు, చెరువు గర్భాలు, నదీ గర్భాలు, బంజర్లు, అడవులను సైతం ఆయన కొలత లెక్కలలోకి తీసుకురావడం విశేషం. వ్యక్తి భూమి ఎక్కడ ముగుస్తుంది, ఊరుమ్మడి భూమి ఎక్కడ మొదలవుతుంది అనే ప్రశ్న ఈనాటికీ ప్రతి రెవెన్యూ కార్యాలయాన్నీ, ప్రతి మున్సిపాలిటీనీ ఎదుర్కొంటున్నది. ఆ ప్రశ్నకు రాతపూర్వకమైన సమాధానం ఉండాలని పట్టుబట్టిన తొలి పాలకులలో మన్రో ఒకరు.

బాల్యం, సైనిక జీవితం

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం సాగించిన వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం కారణంగా ఆ వ్యాపారం దెబ్బతిని కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన్రో జీవనోపాధి కోసం ఈస్టిండియా కంపెనీ పదాతి దళంలో కేడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసు చేరుకున్నారు. ఆ సంవత్సరమే హైదర్ అలీతో కంపెనీకి యుద్ధం ప్రారంభమైంది. యుద్ధ రంగంలో గడిపిన సంవత్సరాలలోనే ఆయన హిందుస్థానీ, పారశీక భాషలను అభ్యసించారు. సైనికాధికారిగా వచ్చిన వ్యక్తి రెవెన్యూ పాలనలోకి ప్రవేశించడానికి ఈ భాషా పరిజ్ఞానం ఎంతగానో తోడ్పడింది.

బారామహల్ అనుభవం

మూడవ మైసూరు యుద్ధానంతరం 1792లో టిప్పు సుల్తాన్ నుండి కంపెనీకి సంక్రమించిన బారామహల్ ప్రాంతం (నేటి తమిళనాడులోని సేలం పరిసరాలు) పాలనను కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించారు. ఆయనకు సహాయకులుగా నియమితులైన సైనికాధికారులలో మన్రో ఒకరు. ఆ కాలంలో బెంగాల్‌లో జమీందారులతో శాశ్వత శిస్తు ఒప్పందం అమలులోకి వస్తున్నది. బారామహల్‌లో రీడ్, మన్రోలు భిన్నమైన మార్గాన్ని అనుసరించారు. మధ్యవర్తి లేకుండా ప్రభుత్వమే రైతుతో నేరుగా లెక్క చూసుకునే పద్ధతి అక్కడ క్రమంగా రూపు దిద్దుకున్నది.

ఈ పద్ధతికి ఒక షరతు ఉన్నది. జమీందారు నుండి శిస్తు వసూలు చేయాలంటే జమీందారీ మొత్తానికి ఒక అంకె చాలు. రైతు నుండి వసూలు చేయాలంటే ఏ రైతు ఏ పొలం దున్నుతున్నాడు, దాని విస్తీర్ణమెంత, ఆ నేల సారమెంత అనే వివరాలన్నీ ప్రభుత్వం వద్ద ఉండాలి. అంటే భూమి కొలత లేకుండా రైతువారీ లేదు. మన్రో ఆ తరువాత చేసిన పనులన్నింటికీ ఈ అవగాహనే ప్రాతిపదిక అయింది.

1799లో శ్రీరంగపట్నం పతనానంతరం మన్రో కెనరా జిల్లాకు కలెక్టరుగా వెళ్లారు. అక్కడ విజయనగర కాలం నాటి శిస్తు నిర్ణయాల వరకు వెనక్కి వెళ్లి పాత లెక్కలను పరిశీలించారు. భూమిపై వంశపారంపర్య హక్కు ఆ ప్రాంతంలో పాతుకుపోయి ఉన్నదని, ఆ హక్కుకు పాత లెక్కలే సాక్ష్యమని గుర్తించారు.

దత్త మండలాల కలెక్టరుగా

1800 అక్టోబరులో కుదిరిన సంధి ప్రకారం నిజాం తనకు మైసూరు యుద్ధాలలో లభించిన ప్రాంతాలను కంపెనీకి అప్పగించారు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, నేటి కర్నూలు జిల్లాలోని కొంత భాగం ఇందులో చేరి ఉన్నాయి. ఈ ప్రాంతమే దత్త మండలాలుగా ప్రసిద్ధి చెందింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచన మేరకు రాయలసీమ అనే పేరు వాడుకలోకి వచ్చింది.

మన్రో 1800 చివరలో ప్రిన్సిపల్ కలెక్టరుగా బాధ్యతలు స్వీకరించే నాటికి పరిస్థితులు అల్లకల్లోలంగా ఉన్నాయి. సుమారు 80 మంది పాళెగాళ్లు తమ తమ ప్రాంతాలలో స్వతంత్రంగా వ్యవహరిస్తున్నారు. ఒకే రైతు నుండి పాళెగాడు ఒకసారి, ఇజారాదారు ఒకసారి వసూలు చేసిన సందర్భాలు అనేకం. మేజర్ జనరల్ డుగాల్డ్ కాంప్‌బెల్ సేనల సాయంతో మన్రో పాళెగాళ్ల సాయుధ బలాన్ని అణచివేశారు. ఈ విషయంలో ఆయన వైఖరి కఠినంగా ఉన్నదని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించడం గమనార్హం.

ఏడేళ్ల పాటు మన్రో పాలన అధిక భాగం గుడారాల నుండే సాగింది. ఊరూరా మకాం వేసి, గ్రామ పెద్దలను, కరణాలను, రైతులను ఎదుట కూర్చోబెట్టుకుని లెక్కలు చూడడం ఆయన నిత్యకృత్యం. ఆ రోజులలో ఊరి భూమి వివరాలన్నీ కరణం చేతిలో ఉండేవి. సాగు భూమిని బంజరుగా చూపడం, ఇనాం విస్తీర్ణాన్ని పెంచి రాయడం, పలుకుబడి గల వారి పొలాలను లెక్కలో తగ్గించి ఆ భారాన్ని పేద రైతుపై మోపడం వంటి అక్రమాలు జరుగుతున్నట్లు ఆయన గ్రహించారు. పొరుగు గ్రామాల కరణాలను ఒకచోటికి రప్పించి ఒకరి లెక్కను మరొకరి చేత సరిచూపించినా పూర్తి వాస్తవం తేలలేదు. దీనితో నేలను కొలవడమే మార్గమని నిశ్చయించారు.

33 అడుగుల గొలుసు

దత్త మండలాల సర్వే 1802 జూన్‌లో ప్రారంభమైంది. ఆరంభంలో కొలత తెలిసిన గుమాస్తాలు కేవలం నలుగురు. వారు ఇచ్చిన శిక్షణతో ఆ సంవత్సరాంతానికి సర్వేయర్ల సంఖ్య యాభైకి, మరుసటి ఏడాదికి వందకు చేరింది. వారిని పది మంది చొప్పున జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు ఒక తనిఖీదారును నియమించారు. కొలిచిన పొలాలలో కొన్నింటిని తనిఖీదారు తిరిగి కొలిచి సరిచూడడం, తేడా పరిమితిని మించితే సర్వేయరుపై చర్య తీసుకోవడం నియమంగా పాటించారు. కొలిచిన ఎకరాలను బట్టి సర్వేయరుకు ప్రతిఫలం చెల్లించేవారు. పని వేగానికి ఎకరాల లెక్కన చెల్లింపు, పని నాణ్యతకు మరుకొలత అనే ఈ ఏర్పాటులో మన్రో పాలనా దక్షత ప్రస్ఫుటమవుతుంది.

సర్వేయర్లందరికీ 33 అడుగుల ప్రామాణిక గొలుసులు అందజేశారు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చతురస్రం 121 చదరపు గజాలు. అదే గుంట. అటువంటి 40 గుంటలు ఒక ఎకరం, అనగా 4,840 చదరపు గజాలు. తెలంగాణలో నేటికీ గుంటలలోనే పొలం విస్తీర్ణం చెప్పుకోవడం పరిపాటి.

కొలతకు ముందు ఊరూరా వేర్వేరు కొలమానాలు అమలులో ఉండేవి. ఎంత విత్తనం చల్లితే సరిపోతుంది, ఎన్ని రోజులలో దున్నవచ్చు అనే అంచనాలతో పొలం పరిమాణం చెప్పేవారు. ఒక ఊరి లెక్క మరొక ఊరిలో చెల్లేది కాదు. ఒకే గొలుసు అన్ని గ్రామాలకూ వర్తించడంతో రెండు గ్రామాల రైతుల భారాన్ని పోల్చి చూడడం తొలిసారిగా సాధ్యమైంది.

సర్వే పరిధి ఈ కృషిలో అత్యంత విశిష్టమైన అంశం. శిస్తు వచ్చే భూమిని మాత్రమే కొలిచి ఊరుకోలేదు. బాటలు, ఊళ్ల నివేశన స్థలాలు, చెరువుల గర్భాలు, నదీ గర్భాలు, బంజర్లు, అడవులు కూడా కొలతలోకి వచ్చాయి. పెద్ద కొండలు, గుట్టలను మాత్రమే మినహాయించారు. శిస్తు రాని భూమిని కొలవడం వృథా ప్రయాసగా కనిపించవచ్చు. అయితే గ్రామ విస్తీర్ణంలో ప్రతి భాగానికీ లెక్క తేలినప్పుడే దాచిన పొలం బయటపడుతుంది. అదే విధంగా ఉమ్మడి భూమిలోకి జరిగిన చొరబాటు కూడా లెక్కలో తేటతెల్లమవుతుంది.

సర్వే వెనుకనే మదింపుదారులు బయలుదేరారు. గ్రామ పెద్ద, కరణం, ముఖ్య రైతుల సమక్షంలో మెట్ట, మాగాణి, తోట అనే విభజనతో పొలాలను తరగతులుగా ఏర్పరచి శిస్తు నిర్ణయించారు. అభ్యంతరాలు విన్న పిదపనే రేట్లు ఖరారు చేశారు.

శిస్తు భారం, తిరస్కృతికి గురైన సిఫారసు

కొలత ఖచ్చితంగా ఉన్నంత మాత్రాన శిస్తు న్యాయంగా ఉన్నట్లు కాదు. మన్రో హయాంలో దత్త మండలాల రెవెన్యూ సుమారు పది లక్షల వరహాల నుండి పదిహేను లక్షల వరహాలకు పెరిగింది. ఆయన అంచనా ప్రకారమే స్థూల ఫలసాయంలో దాదాపు 45 శాతం ప్రభుత్వానికి పోతున్నది. వర్షాధారమైన కరవు సీమలో ఇది పెను భారం. సర్వే ద్వారా దాగిన భూమి వెలికి రావడంతో ఖజానాకు చేకూరిన లాభంలో రైతుకు తగిన వాటా దక్కలేదని చెప్పక తప్పదు.

ఈ వాస్తవాన్ని మన్రో గుర్తించారు. శిస్తును 25 శాతం తగ్గించి, ఫలసాయంలో ప్రభుత్వ వాటాను సుమారు మూడవ వంతుకు పరిమితం చేయాలని, రైతు తనకు నచ్చిన భూమిని ఉంచుకునే, విడిచిపెట్టే స్వేచ్ఛ కల్పించాలని 1807లో సిఫారసు చేశారు. రెవెన్యూ పడిపోతుందన్న భయంతో ప్రభుత్వం ఈ సిఫారసును ఆమోదించలేదు. ఆ ఏడాదే మన్రో స్వదేశానికి పయనమయ్యారు.

1808లో దత్త మండలాలను బళ్లారి, కడప జిల్లాలుగా విభజించారు. రైతువారీని పక్కనపెట్టి గ్రామాలను మూడేళ్ల కౌలుకు, తదుపరి పదేళ్ల కౌలుకు ఇజారాదారులకు అప్పగించారు. గడువు లోపల రాబట్టినంత రాబట్టుకోవాలన్న తాపత్రయంతో ఇజారాదారులు రైతులను పీడించారు. ఎందరో ఇజారాదారులు తామే బకాయి పడి దివాలా తీశారు. చేతులు మారిన గ్రామాలలో లెక్కలు కూడా చెదిరిపోయాయి. మన్రో గవర్నరు అయిన తరువాత రైతువారీ విధానం తగ్గించిన శిస్తుతో తిరిగి అమలులోకి వచ్చింది. భూమి లెక్క ఒకసారి సిద్ధం చేస్తే సరిపోదు, దానిని ఏటేటా నిర్వహించే యంత్రాంగం కూడా నిలవాలి అన్న పాఠాన్ని ఈ పన్నెండేళ్ల అనుభవం నేర్పింది.

హద్దు తగాదాలకు గ్రామంలోనే తీర్పు

ఇంగ్లండులో ఉన్న కాలంలో మన్రో పార్లమెంటు విచారణలో సాక్ష్యమిచ్చారు. 1812లో వెలువడిన ఐదవ నివేదికలో దత్త మండలాల సర్వే వివరాలకు ప్రముఖ స్థానం లభించింది. 1814లో జేన్ కాంప్‌బెల్‌ను వివాహమాడి, న్యాయ సంస్కరణల కమిషన్ అధ్యక్షునిగా ఆ సంవత్సరమే మద్రాసు తిరిగి వచ్చారు.

ఆయన కృషి ఫలితంగా 1816లో వరుసగా రెగ్యులేషన్లు జారీ అయ్యాయి. గ్రామ మునసబులకు, పంచాయతులకు చిన్న వ్యాజ్యాలను తీర్చే అధికారం దఖలుపడింది. పోలీసు, మేజిస్ట్రేటు అధికారాలు కలెక్టరుకు సంక్రమించాయి. భూమి, పంట, పట్టా, హద్దులకు సంబంధించిన తగాదాలను కలెక్టరు విచారించి, అవసరమైతే పంచాయతీకి నివేదించే ఏర్పాటు ఆ సంవత్సరపు 12వ రెగ్యులేషన్ ద్వారా కలిగింది. పొలం గట్టు తగాదాకు ఎక్కడో ఉన్న జిల్లా కోర్టు చుట్టూ రైతు తిరగడం కన్న, ఆ గట్టును కళ్లారా చూసిన వారి ఎదుట తేల్చుకోవడం మేలన్నది ఈ ఏర్పాటులోని ఉద్దేశం.

గవర్నరుగా

1817-18 మరాఠా యుద్ధంలో సేనానిగా పనిచేసిన మన్రో 1820 జూన్‌లో మద్రాసు గవర్నరు పదవిని అధిష్ఠించారు. ఉన్నత పదవులలో భారతీయులను నియమించాలని, ప్రజలకు బాధ్యతలు అప్పగించకుండా వారి శీలాన్ని ఉన్నతపరచడం అసాధ్యమని ఆయన అభిప్రాయపడ్డారు. 1824 నాటి ఆయన మినిట్ ఈ విషయంలో సుప్రసిద్ధమైనది.

వివరాలు సేకరించిన పిదపనే విధానం రూపొందించాలన్న అలవాటు ఆయన విద్యా రంగంలోనూ కొనసాగించారు. 1822లో రాష్ట్రంలోని పాఠశాలల వివరాలు పంపాలని జిల్లా కలెక్టర్లందరినీ ఆదేశించారు. 12,498 పాఠశాలలలో 1,88,650 మంది విద్యార్థులు చదువుతున్నట్లు వెల్లడైన లెక్కలను 1826 మార్చి నాటి మినిట్‌లో సమీక్షించారు. దేశీయ విద్యా చరిత్రపై పరిశోధన చేసేవారికి ఈ లెక్కలు నేటికీ ఆధారంగా ఉన్నాయి. 1825లో ఆయనకు బారొనెట్ గౌరవం లభించింది.

పత్తికొండలో అస్తమయం

పదవీ విరమణకు అనుమతి కోరిన మన్రో, తన స్థానంలోకి రావలసిన గవర్నరు రాకలో జాప్యం జరగడంతో మద్రాసులోనే ఉండిపోయారు. స్వదేశానికి వెళ్లే ముందు దత్త మండలాలను చివరిసారిగా చూడాలని 1827 మే నెలాఖరులో పర్యటనకు బయలుదేరారు. జులై 4న గుత్తికి చేరుకునే నాటికి పరివారంలో కలరా పొడసూపింది. జులై 6న పత్తికొండ మకాంలో ఆయనకు వ్యాధి సోకి ఆ రాత్రే కన్నుమూశారు. మరునాడు గుత్తిలో అంత్యక్రియలు జరిగాయి. 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

ఆయన మరణించిన పత్తికొండలో ప్రభుత్వం ఒక తోపు నాటించి, రాతిమెట్లతో బావి తవ్వించింది. గుత్తిలో ఆయన పేరున సత్రం వెలసింది. ప్రముఖ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ మలచిన అశ్వారూఢ విగ్రహాన్ని 1839లో మద్రాసులో ప్రతిష్ఠించారు. బాటసారులకు నీడ, నీరు సమకూర్చే తోపు ఊరుమ్మడి ఆస్తి. జీవితమంతా ఊరి ఆస్తిని లెక్కలోకి తేవడానికి పాటుపడిన అధికారికి ఇది ఎంతయినా తగిన స్మారకం.

ప్రజల నోట మన్రో కథలు అనేకం. మంత్రాలయం మఠానికి చెందిన ఇనాం భూమిపై విచారణకు వెళ్లిన ఆయనకు శ్రీ రాఘవేంద్రస్వామి బృందావనం వద్ద దర్శనమిచ్చారని ప్రతీతి. బళ్లారి జిల్లా గెజెటీర్ కూడా ఈ ఐతిహ్యాన్ని నమోదు చేసింది. గండి క్షేత్రంలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందన్నది మరొక కథ. తిరుమల శ్రీవారి నైవేద్యానికి వినియోగించే మన్రో గంగాళం ఆయన పేరును నిలిపింది. సీమ పల్లెలలో మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కాలం ఉన్నది. శిస్తు వసూలు చేసిన అధికారికి ఇటువంటి ఆదరణ లభించడం అరుదు.

నేటి రికార్డులకు మూలం

మన్రో సర్వేకు ఒక పరిమితి ఉన్నది. కొలతలు రిజిస్టర్లలో నమోదయ్యాయే తప్ప పొలాల పటాలు తయారు కాలేదు. పొలం విస్తీర్ణం తెలిసినా, గట్టు చెరిగిపోతే దానిని తిరిగి గుర్తించడానికి ఆధారం దొరికేది కాదు. 1858లో మద్రాసు రాష్ట్రంలో ప్రారంభమైన శాస్త్రీయ సర్వే ఈ లోపాన్ని పూరించింది. సర్వే రాళ్లు, సర్వే నంబర్లు, గ్రామ పటాలు, క్షేత్ర కొలతల పుస్తకాలు ఆ కృషి ఫలితాలే. అదే ఏడాది ఏర్పాటైన ఇనాం కమిషన్ పాత లెక్కల ఆధారంగా ఇనాం హక్కులను పరిశీలించింది.

ప్రభుత్వ భూములు, పోరంబోకుల పరిరక్షణకు 1905లో భూ ఆక్రమణల చట్టం, హద్దుల నిర్ణయానికి 1923లో సర్వే, సరిహద్దుల చట్టం వచ్చాయి. హద్దుపై అభ్యంతరమున్న వ్యక్తి సర్వే పూర్తయినట్లు ప్రకటన వెలువడిన మూడేళ్ల లోపు సివిల్ కోర్టును ఆశ్రయించవచ్చునని 1923 చట్టం నిర్దేశించింది. గడువులోగా ఎవరూ ప్రశ్నించని హద్దే ఖరారైన హద్దు అవుతుంది. అందువలన ఉమ్మడి భూమి విషయంలో ప్రభుత్వ శాఖలు, స్థానిక సంస్థలు సకాలంలో స్పందించడం అత్యంత ఆవశ్యకం.

పట్టణాలలో ఉద్యానవనాల పరిస్థితి ఇందుకు చక్కని ఉదాహరణ. లేఅవుటులో ఉద్యానవనానికి విడిచిన స్థలాన్ని దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించడం నియమం. దానపత్రంలో రాసిన విస్తీర్ణం, ఆమోదిత ప్లానులోని గీత, సర్వే నంబరు, నేల మీది హద్దు రాయి అనే నాలుగూ ఏకీభవించినప్పుడే ఆ ఉద్యానవనానికి రక్షణ. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆక్రమణకు అవకాశం ఏర్పడుతుంది. పట్టా భూమికి కాపలాగా దాని యజమాని ఉంటాడు. చెరువుకు, శ్మశానానికి, బాటకు, పిల్లలు ఆడుకునే మైదానానికి సక్రమమైన రికార్డే కాపలా.

గొలుసు స్థానంలో నేడు ఉపగ్రహ సంకేతాల ఆధారంగా పనిచేసే పరికరాలు, డ్రోన్లు వచ్చాయి. తాటాకు, కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చింది. అయినప్పటికీ కొలిచిన దానిని మరొకరు తిరిగి కొలిచి సరిచూడాలి, రైతు ఎదుటనే రాయాలి, శిస్తు రాని భూమిని కూడా విడువక లెక్కించాలి అనే నియమాలకు కాలదోషం పట్టలేదు. 1802లో నలుగురు గుమాస్తాలతో మొదలైన ఆ కృషి భూపరిపాలనలో ఉన్న ప్రతి ఒక్కరికీ అధ్యయనం చేయదగిన అంశం.